అమాసకు తెరిచే పడవ

మా చిన్నాన దినవారాలు అయిన మరుసటి రోజే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చిన్నాన రూం ఖాళీ చేయిస్తున్న. కొత్త కిరాయోళ్లు ఒస్తున్నరు. గా పడవ డబ్బ ఒకటి మిగిలింది. నువ్వు తీస్కపోతవా, చెత్తబండికియ్యనా?" అన్నాడు. తమ్ముణ్ని తప్పుపట్టను. వాడు ప్లాట్లు అమ్మే మనిషి, ఖాళీ జాగా కనబడితే వాడి చేతులు ఊరుకోవు. మా ఇంట్లో ఎవరు పోయినా ఏడుపు దినవారాలతోనే ఆపేస్తాం. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే కనుక, చిన్నాన పోయాడని తెలిసిన పొద్దున టిఫిన్ మానలేదు.

పడవ డబ్బా అంటే పాత ఆపిల్ పెట్టె. గడ్డిఅన్నారం నుంచి నాగోల్ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. "ఏంది మేడం, ఆపిల్సా? మార్కెట్ పోయినంక గిసొంటి చెక్కడబ్బ మల్ల జూడలే" అన్నాడు ఆటోవాడు. పండ్లు కాదు, పడవ అన్నాను. అద్దంలో ఒకసారి నా మొహం చూశాడు. ఇంటికి వచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి పైకి తీశాను. రెండు జానలకు కాస్త తక్కువ పొడవు, బూడిదరంగు, ముందు ఒక తోపు, మధ్యలో చిన్న గది, దాని మీద స్తంభం. యుద్ధంలో తీరం వెంట గస్తీ తిరిగిన చిన్న పడవకు నకలు, నూటికి ఒకటి కొలత. దుమ్ము ఊదితే డెక్కు చుట్టూ కట్టిన కంచె తీగలు బయటపడ్డాయి. అవి తీగలు కావు, నా వెంట్రుకలు. ఇప్పుడు నా తల మీద అంత నల్లటిది ఒక్కటి లేదు. డెక్కు మీది బొమ్మ మనుషులు మాత్రం ఒకరు తక్కువున్నారు. గది వెనక, డెక్కు కిందికి దిగే తలుపు దగ్గర నిలబడవలసినవాడు లేడు, జిగురు మచ్చ ఉంది. ఊడిపోయి ఉంటాడనుకున్నాను.

మా ఇల్లు అప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక గోడకు ఆనుకున్నట్టుండేది. అంతకుముందు ఆ చుట్టుపక్కల మా ద్రాక్షతోట ఉండేదట, నాకు గుర్తు లేదు. నాకు తెలిసింది మార్కెట్ వాసనే. ఎండాకాలమంతా కుళ్లిన మామిడి, వానాకాలం తడిసిన గడ్డి, చలికాలం సంత్రా తొక్క. పొద్దున్నే లారీల హారన్లకు మేం లేచేవాళ్లం, నాయనమ్మ తిట్లకు మొహాలు కడిగేవాళ్లం. చిన్నాన నేవీ నుంచి వచ్చేశాక దిల్‌సుఖ్‌నగర్‌లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. పెళ్లి చేసుకోలేదు. దుకాణం నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు మళ్లీ వెళ్లేదాకా, ఆదివారాలైతే పొద్దంతా, వెనక వరండాలో కూచుని పడవలు చేసేవాడు. మార్కెట్లో పారేసిన ఆపిల్ పెట్టెల మెత్తటి తెల్ల చెక్క, దుకాణంలో మిగిలిన టంకం తీగ, ఒక కంటికి పెట్టుకునే గడియారాల భూతద్దం. ఇవీ సామాన్లు.

పెద్ద ఓడలంటే ఆయనకు గిట్టదు. "పెద్దవాటికి పేర్లు పెడ్తరు, చిన్నవాటికి నంబర్లేస్తరు. పేరున్నది మునిగితె పేపర్ల ఒస్తది" అనేవాడు. అందుకని గస్తీ పడవలు, మందుపాతరలు ఏరే పడవలు, సైన్యాన్ని ఒడ్డుకు దింపే బల్లపడవలు, ఇలాంటివే చేసేవాడు. వాటిలో ఒక్కదాన్నే పదే పదే చేసేవాడు. తాను పని చేసిన గస్తీ పడవను. చేసి, ఎక్కడో వెంట్రుకవాసి తేడా కనబడితే బాయిలర్ కింద పెట్టేసేవాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు ఆ పడవ మంటతో నీళ్లు కాగాయి. మా అమ్మ మాత్రం కట్టెలు కలిసొచ్చాయని సంతోషించేది.

నాకు అప్పుడు పదమూడేళ్లు. నా వేళ్లు సన్నవి, చూపు మంచిది. ఈ రెండు నేరాలకు నన్ను వరండాలో కూచోబెట్టాడు. టంకం తీగ వంచి చింతగింజంత మనుషుల్ని చేసేది ఆయన, వాళ్లకు తెల్ల టోపీలు వేసేది నేను. రంగు అంచు దాటితే స్టీలు స్కేలు నిలువుగా తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. "పడవ మీద గిట్లజేస్తె మనిషి సస్తడు" అనేవాడు. పడవ మీద లేను కదా చిన్నానా అంటే ఇంకోటి పడేది. ఆయనకు కోపం వచ్చి కొట్టేవాడు కాదు. కొలత తప్పినందుకు కొట్టేవాడు. ఇంట్లో మిగతావాళ్లు కోపంతో కొట్టిన దెబ్బల్ని మరిచిపోగలిగాను కాని, ఆ దెబ్బల్ని మాత్రం మరిచిపోలేదు.

అసలు బాధ ఆదివారాలది. ఆదివారం మా అమ్మ నాకు తలకు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, వరండా మెట్ల మీద జుట్టు ఆరబెట్టేది. చిన్నాన భూతద్దంతో వచ్చి వెనక నిలబడేవాడు. కంచె తీగలకూ స్తంభం మీది వైర్లకూ దారం లావైపోతుందట. వెంట్రుకైతేనే ఆ కొలతకు సరిపోతుంది. దువ్వెనకు చిక్కినవి ఇస్తానన్నాను. "రాలింది సచ్చిన ఎంటికె. మెలికెలు పోతది. గుంజింది అయితెనే సక్కగ నిలుస్తది" అని, వేళ్లతో వెతికి, కుదురు దాకా పోయి ఒక్కొక్కటే లాగేవాడు. లాగినదాన్ని వెలుతురుకు పట్టి చూసి, నచ్చకపోతే కింద పడేసేవాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసేది. మరిది కదా, ఏమీ అనేది కాదు. నాయనమ్మ ఒక్కతే గొణిగేది, అదీ నా కోసం కాదు. "ఆడివిల్ల ఎంటికెలు ఇంట్ల కట్టిపెడ్తె అరిష్టంరా" అనేది. ఆ ఏడు పాపట పక్కన రూపాయి బిళ్లంత మేర పలచబడింది. స్కూల్ డ్యాన్సులో ముందు వరసలో ఉన్న నన్ను టీచరు వెనక వరసకు మార్చింది. కారణం చెప్పలేదు, నా పాపట వైపు చూసింది. చిన్నానను ఆ రోజు నుంచి ద్వేషించాను. పదమూడేళ్ల పిల్ల ద్వేషం కదా, చిన్నది అనుకోవద్దు.

ప్రతి అమాసకు యాదమ్మ వచ్చేది. నల్లగొండ దిక్కు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి మా ద్రాక్షతోటలో కూలి చేసిన మనిషి. తోట పోయాక ఎల్బీనగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్ బస్సుల దగ్గర జామపండ్లు అమ్మేది. ఆమెకు ఒక్కడే కొడుకు, సాయిలు. చిన్నాన నేవీలో చేరుతూ సాయిలును కూడా వెంటబెట్టుకుపోయాడు. ఇద్దరూ అప్పటిదాకా సరూర్‌నగర్ చెరువు తప్ప నీళ్లు చూసినవాళ్లు కారు. ఇద్దరికీ ఒకే పడవ పడింది. యుద్ధం వచ్చింది, పడవకు గుండు తగిలింది, సాయిలు పోయాడు, పడవ ఎట్లాగో రేవు చేరింది, చిన్నాన మిగిలాడు. ఆ రోజు అమాస అట. అందుకని ఆమె నెలనెలా వచ్చి కొడుకు ఎట్లా పోయాడో చిన్నాన నోట వినిపోయేది. చిన్నాన పడవ చేయడం మొదలుపెట్టాక వినడం మానేసి చూడడం మొదలుపెట్టింది.

ఆమె వస్తే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వరండా మెట్టు మీద కూచునేది. ఆమె కోసం ఒక గాజు గ్లాసు బయటి గోడ గూట్లో బోర్లించి ఉండేది. ఆమే దించుకోవాలి, మా అమ్మ పైనుంచి చాయ్ పోస్తుంది, తాగి ఆమే కడిగి మళ్లీ గూట్లో బోర్లించాలి. దేశం కోసం కొడుకునిచ్చిన తల్లి అని మా నాన్న నలుగురిలో చెప్పుకునేవాడు. ఆ గ్లాసు మాత్రం లోపలికి వచ్చేది కాదు. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు తోచిందని రాస్తే ఎవరికి ఏం ఒరుగుతుంది?

చిన్నాన పడవను ఆమె ముందు పెట్టి, ముందు తోపు దగ్గర నిలబెట్టిన టంకం మనిషిని చూపించేవాడు. "గీడనే యాదమ్మా. తోపు కాడ ఉండె. గుండొచ్చి తాకింది, రెప్పపాటుల పాణం పోయింది. బాధ పడలే" అనేవాడు. ఆమె జామపండ్ల మరకలున్న వేలితో ఆ టోపీని తాకేది. "మా పోరడు తోపు పేల్చిండా పటేలా?" అని ప్రతిసారీ అడిగేది. "పేల్చిండు" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆమె మొహం తేటపడేది. చాయ్ తాగి, గ్లాసు కడిగి పోయేది.

అది అబద్ధమని నాకు తెలుసు. ఆ వానాకాలం చిన్నానకు మలేరియా వచ్చి పగలంతా మంచం మీద వణుకుతుంటే, నుదుటి మీద తడిగుడ్డ మార్చే పని నాదే. నాన్న పక్కన కూచున్నాడు. చిన్నాన నాన్న చేయి పట్టుకుని చెప్పాడు. సాయిలు తోపు దగ్గర లేడు, కింద ఇంజన్ గదిలో ఉన్నాడు. గుండు అక్కడే తగిలి నీళ్లొచ్చాయి. తలుపు మూయకపోతే పడవంతా మునుగుతుంది. మూయమని పైనుంచి హుకుం. తలుపు దగ్గర ఉన్నది చిన్నాన. మూశాడు. "లోపటికెల్లి కొట్టిండన్నా. ఎంతసేపు కొట్టిండో. ఇంకా కొడ్తనే ఉండు" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి "నువ్వు పో" అన్నాడు. నేను పోయాను, కాని అప్పటికే అంతా విన్నాను. పడవ మీద తలుపు పక్కన నడుం వంచి, చెయ్యి చాపి నిలబడిన బొమ్మ ఎవరో నాకు ఆ రోజు తెలిసింది. మిగతా అందరూ నిటారుగా ఉండేవాళ్లు. చిన్నాన తనను ఒక్కణ్నే వంచి పెట్టుకున్నాడు.

డ్యాన్సు అయిపోయిన వారం అమాస వచ్చింది. ముందురోజు ఆదివారం చిన్నాన మళ్లీ నా పాపట దగ్గరే వెంట్రుకలు లాగి, నేను కంచె వంకరగా కట్టానని స్కేలుతో కొట్టాడు. యాదమ్మ వచ్చేసరికి ఆయన ఇంకా దుకాణం నుంచి రాలేదు. పడవ నేనే తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె వేలు తోపు దగ్గరికి పోయింది. నేను ఆ వేలు పట్టుకుని వెనక తలుపు మీదికి జరిపాను. "గాడ లేడు యాదమ్మా నీ కొడుకు. గీ తలుపు కింద ఉండె. మా చిన్నాననే మూసిండు. లోపటికెల్లి శానాసేపు కొట్టిండంట" అన్నాను.

ఆ చివరి మాట నేను చెప్పనక్కర లేకపోయింది. చిన్నాన పరువు తీయడానికి ముందటి మాటలు చాలు. ఆ చివరిది ఎందుకు చెప్పానో ఇన్నేళ్లుగా వెతుక్కుంటూనే ఉన్నాను, ఒక్క కారణమే దొరుకుతోంది. చెప్పేటప్పుడు నాకు సుఖంగా ఉంది. నాకు నొప్పి పుట్టినట్టే ఇంకెవరికైనా పుట్టాలి, అంతే. అది చిన్నానకు పుట్టినా యాదమ్మకు పుట్టినా ఆ నిమిషానికి నాకు తేడా కనబడలేదు.

ఆమె ఏడవలేదు. ఆ తలుపును చూస్తూ కూచుంది. అది కందిగింజంత ఉంటుంది. అమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసు గూట్లోనే ఉండిపోయింది. కాసేపటికి చిన్నాన సైకిల్ చప్పుడైంది. ఆయన లోపలికి వస్తూ ఆమె వేలు ఎక్కడుందో చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సైకిల్ స్టాండు వేయడం మరిచిపోతే అది పక్కకు పడింది.

"నర్సింహా" అంది యాదమ్మ. పటేలా అనలేదు. మా ఇంట్లో ఆమె ఆయన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. "నా కొడుకును ఆడికెల్లి తియ్యి. ఏడ సచ్చిండో ఆడ పెట్టు. మల్ల అమాసకొస్త."

ఆ నెల చిన్నాన దుకాణానికి సగం రోజులు పోలేదు. పడవ కడుపు తొలిచాడు, ఇంజన్ గది కట్టాడు. కందిగింజంత తలుపులోంచి చూస్తే ఏమీ కనబడదు. అందుకని తలుపు చుట్టూ అగ్గిపెట్టె మేర డెక్కు కోసి, బందులు పెట్టి, మూతలా లేచేట్టు చేశాడు. అసలు పడవకు అలాంటి మూత లేదు. ఆయన చేతిలో కొలత తప్పిన పని అదొక్కటే. నన్ను పిలవలేదు. ఆదివారం నా వెనక నిలబడలేదు. స్కేలు ఎత్తలేదు. నాతో మాట్లాడలేదు. నా జుట్టు నాకు దక్కింది, గెలిచానని కొన్ని రోజులు గర్వంగా తిరిగాను కూడా.

ఆ తర్వాతి అమాసకు యాదమ్మ మెట్టు మీద కూచోలేదు. వరండాలోకి వచ్చి చిన్నాన మంచం మీద కూచుంది. నాయనమ్మ నోరు తెరిచింది. చిన్నాన లోపలికి పోయి, తన సొంత స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. నాయనమ్మ నోరు మూసుకుంది. చిన్నాన మూత ఎత్తాడు. ఆమె వంగి చూసింది. లోపల చీకటి రంగు వేసిన గదిలో సాయిలు ఒక్కడే, తల పైకెత్తి ఉన్నాడు. చాలాసేపు చూసి, వెనక్కి వాలి, "ఇగ ఎయ్యి" అంది.

చిన్నానకు అర్థం కాలేదు.

"గప్పుడెట్ల ఏసినవో గట్లనే ఎయ్యి. నేను జూడాలె."

వేశాడు. ఆమె గోరుతో మూత మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్. చిన్నాన భుజాలు ఎగిరిపడ్డాయి. ఆమె చాయ్ తాగింది, గ్లాసు కడగకుండానే మంచం మీద పెట్టి పోయింది. ఆ తర్వాత నెలనెలా అంతే. తెరిపించేది, చూసేది, ఇగ ఎయ్యి అనేది, గోరుతో కొట్టేది. ఒక్క అమాస తప్పలేదు. నా చదువైంది, పెళ్లైంది, పుట్టింటికి వచ్చినప్పుడు అమాస పడితే నేనే చాయ్ ఇచ్చేదాన్ని. ఆమె నడుం వంగింది, చిన్నాన చేతులు వణకడం మొదలుపెట్టాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ఇక చాలు అనలేదు. ఒకసారి వాకిట్లో నేను ఆమెను పట్టుకుని, తప్పు చేశాను యాదమ్మా అన్నాను. "నువ్వు జెప్పకుంటె సచ్చేదాక తోపు కాడనే సూస్కుంట మురిసిపోదును" అంది. "నీకు పుణ్యమొస్తదో పాపమొస్తదో నాకు ఎర్కలే బిడ్డా. గాని మంచిగ జెప్పలే నువ్వు. నవ్వుకుంట జెప్పినవ్." నేను నవ్వానని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె పోయినప్పుడు చిన్నాన ఎల్బీనగర్ పోయి దగ్గరుండి అన్నీ చేశాడు. గుండు చేయించుకుని ఇంటికి వచ్చాడు. కూలిదానికి పటేల్ల పిల్లగాడు గుండు చేయించుకునుడేందని మా నాన్న నెల రోజులు పరేషాన్ అయ్యాడు. ఆ తర్వాత ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది, ఆయన మూడో అంతస్తు గదిలోకి మారాడు, యాదమ్మ గది ఉన్న గల్లీ మెట్రో పక్కన ఏదో షోరూం కింద కలిసిపోయింది, మార్కెట్ కూడా లేచిపోయింది. నేను టీచర్నయ్యాను. ఎప్పుడూ నిజమే చెప్పాలని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పాను. ఆ పాఠం వచ్చిన రోజు మాత్రం బోర్డు వైపు తిరిగి చెప్పేదాన్ని. ఆయన్ను చూడటానికి ఏడాదికోసారి పోయేదాన్ని. బాగున్నవా అంటే బాగున్న అనేవాడు. క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకుని, ప్రతిసారీ పండ్లు పెట్టి వచ్చేసేదాన్ని. ఆయనా నా జుట్టు సంగతి ఎత్తలేదు. ఒకరికొకరం బాకీ తీరిందన్నట్టు కూచునేవాళ్లం.

మొన్న పడవను టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు మూత ముట్టుకోలేదు. తర్వాత గోరుతో లేపాను. బందులు బిగిసి ఉన్నాయి కాని వచ్చింది. కళ్లద్దాలు సరిపోక ఫోన్ లైటు వేసి చూశాను. లోపల ఇద్దరున్నారు. తల పైకెత్తిన సాయిలు, అతని ఎదురుగా నడుం వంచి చెయ్యి చాపిన బొమ్మ. డెక్కు మీద ఊడిపోయాడనుకున్నవాడు ఊడిపోలేదు. తలుపు దగ్గరి నుంచి తనను తాను పెకలించుకుని, లోపలికి దిగి, సాయిలు కాళ్ల పక్కన జిగురు పెట్టి అతికించుకున్నాడు. ఆ చాపిన చెయ్యి ఇప్పుడు సాయిలు భుజం మీద ఆని ఉంది. యాదమ్మ పోయాక చేసి ఉంటాడు. ఆమె ఉన్నన్నాళ్లూ తలుపు మూయడానికి ఆయన బయట ఉండాలి కదా.

ఇప్పుడు డెక్కు మీద తలుపు దగ్గర ఎవరూ లేరు. మూత నా వేళ్ల మధ్య ఉంది. తెరిచే ఉంచుదామనుకున్నాను, పొద్దుపోయేదాకా పట్టుకునే కూచున్నాను. చివరికి నేనే వేశాను. వేసి, వంగి, చెవి ఆనించి విన్నాను.